పద్మనాభంలో నేలకొరిగిన విజయరామరాజు

బొబ్బిలి యుద్ధం కథ తెలియని తమ్ముడు మన హాస్టల్లో ఉండడు. 1964లో వచ్చిన సినిమా, 1986లో తాండ్ర పాపారాయుడి పేరు మీద వచ్చిన సినిమా టీవీలో ఎన్నిసార్లు వేసినా చూస్తాం. జాతరల్లో బుర్రకథ పెడితే తెల్లవార్లూ కూర్చుంటాం. బొబ్బిలి వైపు నుండి వచ్చినవాళ్లూ విజయనగరం వైపు నుండి వచ్చినవాళ్లూ రాత్రి అన్నాలయ్యాక మా ఊరి వీరుడు గొప్పంటే మా ఊరి వీరుడు గొప్పని వాదించుకోవడం మేము చదివిన రోజుల్లోనూ ఉంది, ఇప్పుడూ ఉందని విన్నాం. అయితే ఆ వాదనల్లో పెద్దగా వినబడని పేరు ఒకటుంది. ఆయన పూసపాటి చిన విజయరామ గజపతిరాజు. బొబ్బిలి కోటను ముట్టడించిన పెద విజయరామరాజు వేరు, ఈయన వేరు. పేరు ఒకటే కావడంతో చాలామంది ఇద్దరినీ కలిపేస్తారు. పెదరాజు 1757లో పాపారాయుడి కత్తికి బలయ్యాడు. చినరాజు 1794లో పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సిపాయిల చేతిలో ప్రాణం విడిచాడు. ఈ రెండు చావుల మధ్య ముప్పై ఏడేళ్లు గడిచాయి. పరాయిదేశం వాళ్లు ఒక రాజ్యంలో ఎలా అడుగుపెడతారో, పెట్టాక ఆ రాజ్యాన్ని ఎలా మార్చేస్తారో తెలియాలంటే ఈ ముప్పై ఏడేళ్లు చూస్తే చాలు. వేరే దేశాల చరిత్ర తిరగేయనక్కర్లేదు. గరివిడి స్టేషన్లో పాసింజరు ఎక్కితే నెల్లిమర్ల దాటాక విజయనగరం, అక్కడి నుండి భీమిలి పోయే దారిలో పద్మనాభం.

చినరాజు కథ ఆయన పుట్టకముందే మొదలైందని చెప్పాలి. ఆనాడు హైదరాబాదు గద్దె మీదున్న సలాబత్ జంగ్‌ను అక్కడ కూర్చోబెట్టింది ఫ్రెంచి సేనాని బుస్సీ. 1751లో అది జరిగింది. కూర్చోబెట్టినవాడు ఊరికే పోడు కదా. బుస్సీ సైన్యానికి జీతాలు కావాలి. నిజాం ఖజానాలో డబ్బు లేదు. అందుకని 1753లో శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగరం సర్కార్లను ఫ్రెంచివారికి రాసిచ్చేశాడు. మన ఊళ్ల శిస్తు మనకు తెలియకుండానే ఫ్రాన్సు దేశపు సిపాయిల జీతం అయిపోయింది. ఆ శిస్తు వసూలు చేసిపెట్టడానికి ఇక్కడ ఒక బలమైన మనిషి కావాలి. విజయనగరం పెద విజయరామరాజు ఆ పనికి ఒప్పుకొని శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కార్లను గుత్తకు తీసుకున్నాడు.

పెదరాజుకూ బొబ్బిలికీ చాలాకాలంగా సరిహద్దుల తగవులున్నాయి. అలాంటి తగవులు అన్ని సంస్థానాల మధ్యా ఉండేవి. ఒక ఏడు వీరిది పైచేయి, ఒక ఏడు వారిది. కానీ ఈసారి ఒక పక్షం వెనుక ఐరోపా ఫిరంగులు వచ్చి నిలబడ్డాయి. బుస్సీకి బొబ్బిలితో సొంత పగ ఏమీ లేదు. ఆయనకు కావలసింది శిస్తు సక్రమంగా రావడం, అది తెచ్చిచ్చే రాజు సంతోషంగా ఉండడం. 1757 జనవరి 24న బొబ్బిలి కోటలో జరిగిన ఘోరం అందరికీ తెలిసిందే. దాన్ని మళ్లీ చెప్పబోము. కొద్ది రోజులకే పాపారాయుడు డేరాలో ప్రవేశించి పెదరాజును చంపాడు. వీరులు ఇద్దరూ పోయారు. బుస్సీ మాత్రం సైన్యం తీసుకొని ముందుకు సాగి, అదే ఏడాది జూన్‌లో ఇంగ్లీషువారి విశాఖపట్నం కోటను కూడా పట్టుకున్నాడు. బొబ్బిలి వాళ్లూ విజయనగరం వాళ్లూ చేసుకునే వాదనలో బుస్సీ పేరు ఎందుకు రాదో మాకు ఎప్పుడూ అర్థం కాదు.

పెదరాజు తర్వాత గద్దెకు వచ్చిన ఆనందరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. ఆయన చేసిన పని ఏమిటంటే, ఒక పరాయివాణ్ణి వెళ్లగొట్టడానికి ఇంకో పరాయివాణ్ణి పిలవడం. 1758లో విశాఖపట్నాన్ని ఫ్రెంచివారి నుండి తానే పట్టుకొని, మద్రాసులోని ఇంగ్లీషువారికి కబురు పెట్టాడు. వారు పట్టించుకోలేదు. అప్పుడు కలకత్తాలో ఉన్న క్లైవ్‌కు కబురు పంపాడు. బొబ్బిలి యుద్ధం జరిగిన అయిదు నెలలకే ప్లాసీ యుద్ధం గెలిచి బెంగాలును చేజిక్కించుకున్న క్లైవ్ ఇతనే. క్లైవ్ వెంటనే కల్నల్ ఫోర్డును ఓడల మీద పంపాడు. ఒప్పందం కూడా రాసుకున్నారు. సైన్యం ఖర్చు నెలకు యాభై వేల రూపాయలు రాజు భరించాలి. గెలిచిన ప్రాంతంలో లోపలి దేశం రాజుకు, సముద్రతీరం కంపెనీకి. ఈ షరతు చదివినప్పుడు మేము చాలాసేపు ఆగిపోయాం. రేవులన్నీ ఒకరి చేతిలో పెట్టి లోపలి పొలాలు ఉంచుకుంటే చాలనుకున్నాడు ఆ రాజు. సరుకు ఎటు పోవాలన్నా, కొత్త సిపాయిలు దిగాలన్నా రేవే కదా దారి.

1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడిపోయారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పడిపోయింది. ఆ సమయానికి ఇంగ్లండు, ఫ్రాన్సు ఐరోపాలోనూ అమెరికాలోనూ కూడా కొట్టుకుంటున్నాయి. చందుర్తి చేలల్లో జరిగింది కూడా ఆ ఏడేళ్ల యుద్ధంలో ఒక ముక్క. ఆ యుద్ధం ముగిసి 1763లో పారిస్ నగరంలో సంధి రాసుకున్నప్పుడు, హైదరాబాదుకు సలాబత్ జంగే నిజామని రెండు దేశాలూ గుర్తించాయి. విచిత్రం ఏమిటంటే అప్పటికే సలాబత్ జంగ్‌ను తమ్ముడు నిజాం అలీ గద్దె దించి బీదరు కోటలో బంధించి ఉన్నాడు. మన దేశంలో ఎవరు రాజో పారిస్‌లో నిర్ణయించారు, ఆ రాజు జైల్లో ఉన్నాడని కూడా తెలుసుకోకుండా!

ఆనందరాజు 1760లో మశూచి సోకి మరణించాడు. వారసుడు లేడు. అప్పుడు సుమారు పన్నెండేళ్ల పిల్లవాణ్ణి దత్తత చేసుకొని గద్దె మీద కూర్చోబెట్టారు. ఆ పిల్లవాడే మన చిన విజయరామరాజు. ఆయనకు సీతారామరాజు అనే సవతి అన్న ఉన్నాడు. వయసులో పెద్ద, తెలివిగలవాడు, మొండివాడు. గద్దె తమ్ముడికి దక్కినా పెత్తనం అన్నదే అయింది. ముప్పై ఏళ్లపాటు విజయనగరం అంటే సీతారామరాజే అన్నట్లు సాగింది. చుట్టుపక్కల జమీందార్లను ఒక్కొక్కరినే లొంగదీసి, కొందరిని తెచ్చి విజయనగరం కోటలో బంధించాడు. ఈ పనిలో కంపెనీ సిపాయిలు కూడా అక్కరకు వచ్చారు. 1775లో కెప్టెన్ మాథ్యూస్ జయపురం కోట దాకా వెళ్లి పట్టుకున్నాడు. విజయనగరం ఎంత పెరిగితే తమ శిస్తు అంత భద్రమని ఆ రోజుల్లో కంపెనీ అనుకుంది.

ఈలోగా అసలు యజమానులు మారిపోయారు. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం ఉత్తర సర్కార్లను కంపెనీకి ఇస్తూ ఫర్మానా ఇచ్చాడు. 1766లో నిజాం కూడా ఒప్పుకున్నాడు. ఆనందరాజు సాయానికి పిలిచిన వర్తకులు, ఆయన దత్తతమ్ముడి కాలానికి వచ్చేసరికి సర్కారు అయిపోయారు. రాజు వారికి పేష్కష్ కట్టవలసిన జమీందారు అయ్యాడు. ఇందుకు విజయనగరం మీద యుద్ధం ఏమీ జరగలేదు. కాగితాల మీద జరిగిపోయింది.

పెద్దవాడయ్యాక విజయరామరాజుకు అన్న పెత్తనం సహించలేదు. కోటలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. జగన్నాథరాజు దివానుగా ఉండాలని ఒక పక్షం, సీతారామరాజే ఉండాలని ఒక పక్షం. ఇంటి తగవు ఇంట్లో తేలితే ఎలా ఉండేదో గానీ, ఇది మద్రాసులో తేలింది. 1778లో మద్రాసుకు కొత్త గవర్నరుగా వచ్చిన సర్ థామస్ రంబోల్డ్ ఉత్తర సర్కార్ల జమీందార్లందరినీ తన దగ్గరకు రమ్మని హుకుం జారీ చేశాడు. అంతకుముందు అధికారులే జిల్లాలకు వచ్చి లెక్కలు చూసేవారు. ఇప్పుడు జమీందార్లే పరివారాలతో వందల మైళ్లు ప్రయాణం చేసి, నెలల తరబడి మద్రాసులో కాచుకొని ఉండాలి. అంత ఖర్చు పెట్టుకోలేనని విజయరామరాజు మొరపెట్టుకున్నాడు. వినలేదు. సీతారామరాజు మాత్రం ముందుగానే వెళ్లి దొరలకు దగ్గరయ్యాడు. చివరకు జరిగిందేమిటంటే, రాజుకు ఇష్టం లేకపోయినా సీతారామరాజును దివానుగా నియమించి, ఆయనతో రాజీ పడమని రాజును ఒత్తిడి చేశారు.

తన రాజ్యానికి దివాను ఎవరో తాను నిర్ణయించలేని రాజు ఇంక రాజెలా అవుతాడు? మా ఉద్దేశంలో విజయరామరాజు రాజ్యం పోయింది 1794లో కాదు, ఆ 1778లోనే. ఫిరంగి పేలలేదు. ఒక ఉద్యోగం ఎవరికివ్వాలనే దగ్గర పోయింది.

దీని వెనుక లంచం కథ కూడా ఉంది. రంబోల్డ్ కార్యదర్శి రెడ్‌హెడ్‌కు లక్ష రూపాయలు ఇస్తానని సీతారామరాజు రాసిచ్చిన సంగతి తర్వాత ఇంగ్లండులో బయటపడింది. పార్లమెంటు విచారణ జరిపించింది. 1782లో రంబోల్డ్‌ను శిక్షించడానికి బిల్లు కూడా పెట్టారు. మరుసటి ఏడాదికల్లా అది చప్పబడి, ఎవరికీ ఏ శిక్షా పడకుండానే వదిలేశారు. ఆ లక్ష రూపాయలు ఎక్కడి నుండి వస్తాయో తమ్ముళ్లకు మేము చెప్పనక్కర్లేదు. రాజుకు గనులు లేవు. దొరకు ఇచ్చే లంచమైనా, పేష్కష్ అయినా, మద్రాసు ప్రయాణపు దారి ఖర్చయినా చివరకు కళ్లంలో కొలిచిన గింజల నుండే రావాలి.

1784లో సర్క్యూట్ కమిటీ వచ్చి విజయనగరం లెక్కలన్నీ తీసింది. పన్నెండు వేలకు మించిన సైన్యం ఉందని తేల్చి, ఇంత బలం ఒక జమీందారు దగ్గర ఉండడం ప్రమాదమని రాసింది. గమనించండి, ఆ బలాన్ని పెంచింది ఎవరు? చుట్టుపక్కల సంస్థానాలను అణచడానికి సిపాయిలను అరువిచ్చింది ఎవరు? అవసరం ఉన్నన్నాళ్లూ ఎరువు వేసి, అవసరం తీరాక కలుపు అన్నారు. నాటి నుండి కంపెనీ ధోరణి మారిపోయింది. పేష్కష్ బకాయిలు పెరుగుతూ వచ్చాయి. సీతారామరాజు కూడా వారికి అక్కర్లేనివాడయ్యాడు. 1793లో ఆయన్ను మద్రాసు రమ్మని, పెన్షన్ ఇచ్చి అక్కడే ఉంచేశారు. మళ్లీ ఈ నేల మీద పెత్తనం చేయలేదు.

అన్న పోయాక తమ్ముడికి రాజ్యం చేతికి వచ్చిందా అంటే అదీ లేదు. లక్షల రూపాయల బకాయి ఒక్కసారిగా కట్టమన్నారు. కట్టలేకపోవడంతో 1793 ఆగస్టులో విజయనగరం కోటను సిపాయిలు ఆక్రమించారు, సంస్థానాన్ని జప్తు చేశారు. నెలకు పన్నెండు వందల రూపాయలు ఇస్తాం, కుటుంబాన్ని తీసుకొని మచిలీపట్నం వెళ్లి ఉండమని ఉత్తర్వు ఇచ్చారు. తండ్రీ తాతలు ఏలిన కోట విడిచి, ముక్కూముఖం తెలియని ఊళ్లో జీతగాడిలా బతకమని దాని అర్థం. విజయరామరాజు మొదట ఏవో కారణాలు చెప్పి రోజులు గడిపాడు. చివరకు బయల్దేరాడు. కానీ మచిలీపట్నం దారి పట్టలేదు. విజయనగరానికీ భీమునిపట్నానికీ మధ్యలో పద్మనాభం దగ్గర డేరాలు వేశాడు.

ఆ చోటు చూసినవారికి తెలుస్తుంది. కొండ మీద అనంత పద్మనాభస్వామి, కింద కుంతీమాధవస్వామి, పక్కనే గోస్తని. రాజు అక్కడ ఆగాడని తెలిసి క్షత్రియ సర్దారులు, వారి బంట్లు, పల్లెల నుండి జనం వచ్చి చేరారు. పోరాడి గెలుస్తానని ఆయన అనుకున్నాడని మేము అనుకోము. కోటలేదు, ఖజానా లేదు, ఫిరంగులు లేవు. నిజం చెప్పాలంటే ఆయన గొప్ప సేనాని కూడా కాదు. బతికిన కాలమంతా మొదట అన్న చాటున, తర్వాత దొరల చాటున గడిచిపోయింది. ఆయన కోటలో కూడా పక్క సంస్థానాల వాళ్లు బందీలుగా మగ్గారు. కాబట్టి మచ్చలేని రాజని మేము రాయబోము. కానీ పెన్షన్ తీసుకొని మచిలీపట్నంలో ముసలివాడయ్యే అవకాశం చేతిలో ఉండగా దాన్ని కాదన్నాడు. తన జీవితంలో ఎవరో కాక తానే తీసుకున్న పెద్ద నిర్ణయం మా లెక్కలో అదొక్కటే.

కంపెనీ లెఫ్టినెంట్ కల్నల్ ప్రెండర్‌గాస్ట్‌ను సిపాయిలతో పంపింది. 1794 జూలై 10న తెల్లవారుతుండగా దాడి జరిగింది. యుద్ధం గంటసేపైనా సాగలేదు. బొబ్బిలి యుద్ధంలా అది రోజంతా జరగలేదు, దాని మీద సినిమా రాకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. రాజును విడిచి సర్దారులు పారిపోలేదు. ఆయన శవం చుట్టూ వారి శవాలు పడి ఉన్నాయని దాడి చేసినవారే రాసుకున్నారు. విజయనగరం క్షత్రియ కుటుంబాల్లో పద్మనాభంలో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు ఎన్నో. సర్దారుల పేర్లు వంశ చరిత్రల్లో నిలిచాయి. వారి వెనుక బల్లెం పట్టుకొని నడిచిన కాలిబంట్ల పేర్లు మనం చదివే పుస్తకాల్లో ఉండవు. మన తాతలకు తాతలు ఎవరైనా ఉంటే ఆ వరుసలోనే ఉండి ఉంటారు.

రాజు కొడుకు నారాయణబాబు అప్పటికి చిన్నపిల్లవాడు. తల్లితో సహా కొండల్లోకి తప్పించుకున్నాడు. ఒకప్పుడు విజయనగరం చేత దెబ్బలు తిన్న కొండ జమీందార్లే ఆ పిల్లవాణ్ణి దాచారు. ఈ సంగతి మాకు చాలా నచ్చింది. దేశం సద్దుమణగలేదు, శిస్తు వసూలు కాలేదు. యుద్ధం గెలిచినా పల్లెల మీద పట్టు దొరకదని కంపెనీకి అర్థమైంది. కొత్త గవర్నరు లార్డ్ హోబర్ట్ కాలంలో నారాయణబాబుతో రాజీ కుదుర్చుకొని, 1796 నాటికి సంస్థానం తిరిగి ఇచ్చారు. కానీ అది పాత విజయనగరం కాదు. సీతారామరాజు కలిపిన కొండ సంస్థానాలన్నిటినీ విడదీసి, ఎవరికి వారిని నేరుగా కంపెనీకే పేష్కష్ కట్టేలా ఏర్పాటు చేశారు. బొబ్బిలి కోటలో ప్రాణాలతో బయటపడిన పసివాడు చిన రంగారావును 1794లోనే బొబ్బిలికి జమీందారును చేశారు. బొబ్బిలిని కాల్చడానికి ఒక తెల్లదొర సాయపడ్డాడు, దాన్ని తిరిగి నిలబెట్టడానికి ఇంకో తెల్లదొర సాయపడ్డాడు. రెండుసార్లూ వారి లెక్క వారికి ఉంది. ఏ ఒక్క సంస్థానమూ మిగతావాటిని మించి ఎదగకూడదు, అంతే.

పెద్ద రాజ్యాలతో కూడా వారు ఇదే చేశారు. 1798లో హైదరాబాదు నిజాం సైన్య సహకార పద్ధతికి ఒప్పుకున్నాడని పదో తరగతిలో చదువుకున్నాం. సైన్యం వాళ్లది, ఖర్చు మనది. నెలకు యాభై వేలకు ఆనందరాజు చేసుకున్న ఒప్పందం దానికి నలభై ఏళ్ల ముందుది. పుస్తకంలో వెల్లస్లీ పేరుతో వచ్చే పాఠం మన జిల్లాలో ముందే జరిగిపోయింది.

1802లో శాశ్వత శిస్తు నిర్ణయం వచ్చింది. విజయనగరం సంస్థానం ఏటా అయిదు లక్షల రూపాయలు కట్టాలని తేల్చారు. వాన కురిసినా కురవకపోయినా అయిదు లక్షలు. జమీందారుకు సైన్యం లేదు, యుద్ధాలు లేవు, తీర్పులు చెప్పే అధికారం కూడా క్రమంగా పోయింది. వసూలు చేయడం ఒక్కటే మిగిలింది. నారాయణబాబు ఆ వసూళ్లు కూడా నిర్వహించుకోలేక అప్పుల్లో పడ్డాడు. సంస్థానాన్ని కంపెనీ అధికారుల చేతిలో పెట్టి కాశీ వెళ్లిపోయాడు. 1845లో అక్కడే పోయాడు. తండ్రి వెళ్లనన్న దారిలాంటి దారినే కొడుకు వెళ్లవలసి వచ్చింది.

జమీందారీ రద్దు చట్టం వచ్చేది 1948లో. అంటే 1802లో కంపెనీ గీసిన గీత మీద నూట నలభై ఆరేళ్లు మన పల్లెలు నడిచాయి. దున్నేవాడు, శిస్తు వసూలు చేసే జమీందారు, దాన్ని అందుకునే సర్కారు. ఈ మూడు మెట్లలో కూడా చోటు లేనివాళ్లు ఉన్నారు. పాలేర్లు, కూలివాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, ఊరికి దూరంగా గుడిసెలు వేసుకున్నవాళ్లు. చట్టం వచ్చాక భూమి పట్టాలు ఎక్కువగా అప్పటికే సాగులో పేరున్నవారికి దక్కాయి. సాగులో చేయి ఉండి పేరు లేనివారికి దక్కలేదు. మనలో చాలామంది ఇళ్లల్లో భూమి కాగితం ఎందుకు లేదని అమ్మానాన్నలను అడిగితే తలరాత అంటారు. మేము పీజీ చేసే దాకా మాకూ వేరే జవాబు తెలియదు. ఆ తలరాతలో కొంత భాగాన్ని రాసిన చేతులు ఎవరివో, ఏ సంవత్సరంలో ఏ ఊళ్లో కూర్చొని రాశాయో పుస్తకాల్లో ఉంది.

విజయరామరాజు గురించి తెలుసుకోవాలనుకునే తమ్ముళ్లు విశాఖపట్నం జిల్లా పాత గెజిటీరు చూడవచ్చు. 1907లో అచ్చయింది, పెద్ద గ్రంథాలయాల్లో దొరుకుతుంది. దొరలు రాసింది కాబట్టి దొరల తరఫునే ఉంటుంది. కానీ తేదీలు, సొమ్ములు దాచలేదు. పద్మనాభం వెళ్తే మెట్లెక్కి స్వామిని చూసి దిగివచ్చేస్తారు చాలామంది. ఈసారి వెళ్లినవారు కొండ దిగాక కింద చదునుగా ఉన్న నేల మీద కాసేపు నిలబడి, విజయనగరం ఎటువైపో, భీమిలి రేవు ఎటువైపో చూడండి. జూలై నెలలో అయితే వరి ఆకుమళ్లు పచ్చగా ఉంటాయి.